పాత టవర్లు కూల్చి మిక్స్‌డ్ ఇన్‌కమ్ ఇళ్ళు కడితే బాగుపడేది ఏరియానా, అక్కడి మనుషులా?

అమెరికాలో ఏ పెద్ద సిటీ తీసుకున్నా ఈ గొడవ ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంటుంది. పేదవాళ్ళ కోసం గవర్నమెంట్ ఎప్పుడో కట్టిన అపార్ట్‌మెంట్లు పాడైపోయాయి, వాటిని పడగొట్టి అదే జాగాలో పేదవాళ్ళు, మధ్యతరగతి వాళ్ళు, బాగా సంపాదించేవాళ్ళు అందరూ కలిసి ఉండేలా కొత్తవి కడతాం అంటారు. కట్టిన పదేళ్ళకి ఒకళ్ళు వచ్చి ఏరియా ఎంత మారిపోయిందో చూడండి, క్రైమ్ తగ్గింది, రేట్లు పెరిగాయి అని లెక్కలు చూపిస్తారు, ఇంకొకళ్ళు వచ్చి పేదోళ్ళని తరిమేసి బాగుచేశాం అంటారేంటి అని వేరే లెక్కలు చూపిస్తారు. విచిత్రం ఏంటంటే చాలాసార్లు రెండు లెక్కలూ కరెక్టే. ఎందుకంటే వాళ్ళిద్దరూ లెక్కపెట్టేది ఒకే మనుషుల్ని కాదు. ఒకళ్ళు జాగాని లెక్కపెడుతున్నారు, ఇంకొకళ్ళు ఆ జాగాలో ఒకప్పుడు ఉన్నవాళ్ళని.

పబ్లిక్ హౌసింగ్, వోచర్, అఫర్డబుల్: ఏది ఏంటి

పబ్లిక్ హౌసింగ్ అంటే సిటీలో ఉండే హౌసింగ్ అథారిటీ ఓనర్‌గా ఉండి, ఫెడరల్ గవర్నమెంట్ డబ్బులతో నడిచే ఇళ్ళు. 1937 చట్టంతో మొదలైంది. ఇప్పుడు ఫెడరల్ వైపు నుంచి హడ్ అనే డిపార్ట్‌మెంట్ చూస్తుంది. అద్దె మార్కెట్ రేటుని బట్టి ఉండదు, మామూలుగా కుటుంబ ఆదాయంలో 30 శాతం. వోచర్ వేరు, జనం సెక్షన్ 8 అంటారు. మీరు ప్రైవేట్ ఓనర్ ఇంట్లోనే అద్దెకుంటారు, మీ ఆదాయంలో ఇంచుమించు 30 శాతం మీరు కడితే మిగతాది, ఒక లిమిట్ వరకు, గవర్నమెంట్ కడుతుంది.

అఫర్డబుల్ అన్న దగ్గరే అందరూ తికమక పడేది. ఇది ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయాన్ని బట్టి లెక్కేస్తారు, అంటే సగం కుటుంబాలు దానికంటే ఎక్కువ, సగం తక్కువ సంపాదించే ఆ మధ్య గీత. ఉదాహరణకి ఆ గీత ఏడాదికి 1,00,000 డాలర్లు అనుకుందాం. 60 శాతం లెవెల్‌లో ఉన్న అఫర్డబుల్ ఇల్లు అంటే 60,000 సంపాదించే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని, అందులో 30 శాతం, అంటే ఏడాదికి 18,000, నెలకి 1,500 అద్దె. పబ్లిక్ హౌసింగ్‌లో ఏడాదికి 15,000 వచ్చే ఆవిడ కట్టేది నెలకి 375. ఇప్పుడు ఆ బిల్డింగ్ కూల్చి "అంతే సంఖ్యలో అఫర్డబుల్ ఇళ్ళు కట్టాం" అని ప్రకటన వస్తే పేపర్లో చాలా బాగుంటుంది, కానీ 375 కట్టే ఆవిడకి ఆ 1,500 ఇల్లు ఉన్నా లేనట్టే. కాబట్టి ఎన్ని అఫర్డబుల్ ఇళ్ళు అని కాకుండా ఏ ఆదాయానికి అఫర్డబుల్ అని చూడాలి, ప్రాజెక్ట్ వార్తల్లో సగం గందరగోళం ఇక్కడే తీరిపోతుంది.

మిక్స్‌డ్ ఇన్‌కమ్ అంటే మూడు రకాల ఇళ్ళు, అంటే పబ్లిక్ హౌసింగ్, అఫర్డబుల్, పూర్తి మార్కెట్ రేటు, ఒకే చోట కలపడం. చికాగోలో చాలా ప్రాజెక్టులకి తలా మూడో వంతు అన్న లెక్క పెట్టుకున్నారు.

ఇంతకీ ఎందుకు కూల్చారు

టవర్లు కాబట్టి పాడయ్యాయి అనేది సగం కథే. చాలాచోట్ల నల్లజాతివాళ్ళ వాడల్లోనే, మిగతా సిటీకి దూరంగా తోసేసినట్టు కట్టారు, మెయింటెనెన్స్ అద్దె డబ్బుల్లోంచే నడవాలి అన్నారు, ఉద్యోగాలున్న కుటుంబాలు మెల్లగా వెళ్ళిపోయాయి, మిగిలినవాళ్ళ ఆదాయం పడిపోయింది, అద్దెలు పెంచితే కట్టలేరు కాబట్టి 1969లో అద్దె ఆదాయంలో 25 శాతం దాటకూడదని రూల్ పెట్టారు (30 శాతం తర్వాత వచ్చింది). రూల్ మంచిదే కానీ దానివల్ల తగ్గిన డబ్బుని ఫెడరల్ ఫండ్స్ పూర్తిగా పూడ్చలేదు, దాంతో లిఫ్టులు, పైపులు, కప్పులు ఒక్కోటే పోతూ వచ్చాయి. సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్-ఐగో అని 33 బిల్డింగులు 1950ల్లో కట్టి 1972 నుంచి కూల్చడం మొదలుపెట్టారు, ఇరవై ఏళ్ళు కూడా ఆగలేదు. చికాగోలో రాబర్ట్ టేలర్ హోమ్స్ అయితే 16 అంతస్తుల బిల్డింగులు 28.

1992లో ఒక జాతీయ కమిషన్ రిపోర్ట్ ఇచ్చింది, దేశంలో 86,000 పబ్లిక్ హౌసింగ్ ఇళ్ళు దారుణమైన స్థితిలో ఉన్నాయని. అది మొత్తంలో 6 శాతం. మిగతా 94 శాతం అంత ఘోరంగా లేదనే మాట ఎవరికీ గుర్తుండదు, పబ్లిక్ హౌసింగ్ అనగానే ఆ 6 శాతం ఫొటోలే కళ్ళముందుకొస్తాయి. ఆ రిపోర్ట్ తర్వాత వచ్చిందే హోప్ సిక్స్ ప్రోగ్రాం. 2010 వరకు నడిచింది, 262 చోట్ల పాతవి తీసి కొత్తవి కట్టడానికి గ్రాంట్లు ఇచ్చారు.

మధ్యలో ఒక రూల్ మారింది, నా దృష్టిలో మొత్తం కథలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు అదే. అంతకుముందు ఒక పబ్లిక్ హౌసింగ్ ఇల్లు కూలిస్తే ఇంకోటి కట్టి తీరాలి. 1995లో ఆ రూల్ పక్కన పెట్టారు, 1998లో పూర్తిగా తీసేశారు. అక్కడినుంచి 600 కూల్చి 200 కట్టి మిగతా 400 కుటుంబాలకి వోచర్ ఇచ్చి పంపించడం చట్టప్రకారమే కుదిరింది.

ఎవరి జీతం పెరగకుండానే ఏరియా ఆదాయం రెట్టింపు కావచ్చు

ఒక ఊహాత్మక ఏరియా తీసుకుందాం. మొత్తం 1,000 కుటుంబాలు. 600 కుటుంబాలు పాత పబ్లిక్ హౌసింగ్‌లో, సగటు ఆదాయం 12,000 డాలర్లు. చుట్టుపక్కల మామూలు ఇళ్ళల్లో 400 కుటుంబాలు, సగటు 40,000. అందర్నీ కలిపితే ఏరియా సగటు 23,200.

ఇప్పుడు ఆ 600 ఇళ్ళు కూల్చి, మళ్ళీ 600 కట్టారు: 200 పబ్లిక్ హౌసింగ్ (12,000), 200 అఫర్డబుల్ (40,000), 200 మార్కెట్ రేటు (90,000). చుట్టుపక్కల 400 కుటుంబాల ఆదాయం ఒక్క డాలర్ కూడా మారలేదు. కొత్త సగటు 44,400. దాదాపు రెట్టింపు! పేద కుటుంబాల వాటా 60 శాతం నుంచి 20కి పడిపోయింది. రిబ్బన్ కటింగ్ రోజు మేయర్ చెప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి, కానీ ఏ ఒక్క కుటుంబం జీతమూ పెరగలేదు, 400 పేద కుటుంబాలు లెక్కలోంచి వెళ్ళిపోయాయి, వాళ్ళ పేదరికం ఇప్పుడు ఇంకో ఏరియా లెక్కలో ఉంది.

అంటే ఈ మార్పు అబద్ధం అనా? కాదు. పేదరికం ఒకేచోట కుప్పపడకుండా ఉండటం వల్ల నిజమైన లాభాలు ఉండొచ్చు, స్కూల్ మారొచ్చు, షాపులు రావొచ్చు, పోలీసులూ సిటీ ఆఫీసులూ పట్టించుకోవడం మొదలుపెట్టొచ్చు. కాకపోతే సగటు పెరిగింది అన్న ఒక్క మాటతో అది రుజువు కాదు, ఆ లాభం ఉందా లేదా అని మనుషుల్ని వెంటబడి చూడాలి. మంచి స్టడీలు చేసేది అదే, కూల్చిన బిల్డింగ్‌లో ఉన్నవాళ్ళని, అలాంటిదే కూల్చని బిల్డింగ్‌లో ఉన్నవాళ్ళతో పోల్చి చూస్తాయి.

క్రైమ్ తగ్గిందా, పక్క వీధికి మారిందా

ఇక్కడ ముందొక జాగ్రత్త. హోప్ సిక్స్ నడిచిన కాలంలోనే, 1990ల మొదటినుంచి, అమెరికా మొత్తం మీద క్రైమ్ గట్టిగా పడిపోయింది. కాబట్టి ఒక్క ఏరియాలో ముందు ఇంత, తర్వాత ఇంత అని చూపిస్తే సరిపోదు, ఆ సమయంలో ప్రాజెక్ట్ లేని ఏరియాల్లో ఎంత తగ్గిందో తీసేసి చూడాలి.

అలా తీసేసి చూసినా చికాగోలో హైరైజులు కూల్చిన చోట్ల, వాటి దగ్గర్లో హింసాత్మక నేరాలు తగ్గాయనే ఎక్కువమంది పరిశోధకులు చెప్తున్నారు. అలిప్రాంటిస్, హార్ట్‌లీ అనే ఎకనామిస్టుల లెక్కలో వేరే చోట్ల కొంచెం పెరిగింది కానీ సిటీ మొత్తం కలిపితే తగ్గుదలే ఎక్కువ. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే రీసెర్చ్ సంస్థ వాళ్ళు 2012లో చికాగో, అట్లాంటా రెండిటినీ చూసి దాదాపు ఇదే చెప్పారు, ఒక తిరకాసుతో. ఖాళీ చేసిన కుటుంబాలు కొద్దికొద్దిగా వెళ్ళిన ఏరియాల్లో పెద్ద తేడా లేదు, కానీ చాలామంది ఒకే ఏరియాకి వెళ్ళిన చోట క్రైమ్ తగ్గాల్సినంత తగ్గలేదు.

ఈ తిరకాసుని పట్టుకుని "వోచర్ వాళ్ళు వస్తే క్రైమ్ వస్తుంది" అనే ప్రచారం బాగా నడిచింది. ఇంగ్రిడ్ గూల్డ్ ఎలెన్, ఇంకో ఇద్దరు కలిసి 10 పెద్ద నగరాల డేటా తీసి చూస్తే సంబంధం తిరగబడి కనిపించింది: వోచర్ కుటుంబాలు వెళ్ళాక క్రైమ్ పెరగడం కాదు, క్రైమ్ అప్పటికే పెరుగుతున్న ఏరియాల్లోకి వాళ్ళు వెళ్ళాల్సి వస్తోంది. ఎందుకంటే వోచర్ తీసుకునే ఓనర్లు, ఖాళీ ఇళ్ళు దొరికేది అక్కడే.

అద్దెలు, రేట్లు: ఒకే గోడకి రెండు వైపులా

టవర్ల పక్క వీధిలో ఆనుకుని రెండు ఇళ్ళు ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో సొంత ఇల్లున్న పెద్దాయన, ఇల్లు విలువ 1,00,000. ఇంకోదాంట్లో నెలకి 800 అద్దె కట్టే కుటుంబం. టవర్లు పోయి కొత్తవి వచ్చాక వీధి రేట్లు 80 శాతం, అద్దెలు 30 శాతం పెరిగాయి అనుకుందాం (ఈ శాతాలు లెక్క కోసం నేను పెట్టినవే). పెద్దాయన ఆస్తి 1,80,000 అయింది, ప్రాపర్టీ టాక్స్ 1.5 శాతం అయితే 1,500 నుంచి 2,700కి పెరిగింది, అది బాధే కానీ అమ్మితే 80,000 మిగులు. అద్దెకున్న కుటుంబానికి 800 కాస్తా 1,040, ఏడాదికి 2,880 అదనం, చేతికొచ్చింది ఏమీ లేదు, మంచి పార్క్ తప్ప. పార్క్ పక్కన ఉండగలిగితే.

కాబట్టి చుట్టుపక్కలకి లాభమా నష్టమా అని అడిగితే ముందు ఆ చుట్టుపక్కల సొంతిళ్ళు ఎక్కువా, అద్దెలు ఎక్కువా అని తిరిగి అడగాల్సి వస్తుంది. చాలా పబ్లిక్ హౌసింగ్ పక్కన ఉండేది అద్దె వాళ్ళే.

రేట్లు నిజంగా పెరుగుతాయా అనేదీ ఏరియాని బట్టే. రెబెకా డైమండ్, టిమ్ మెక్వేడ్ అనే ఇద్దరు టాక్స్ క్రెడిట్‌తో, అంటే గవర్నమెంట్ ఇచ్చే పన్ను రాయితీతో, కట్టిన అఫర్డబుల్ బిల్డింగుల చుట్టూ ఇళ్ళ రేట్లు చూశారు (ఇది పబ్లిక్ హౌసింగ్ కాదు, దగ్గరి చుట్టం). పేద ఏరియాల్లో బిల్డింగ్‌కి 0.1 మైలు లోపల రేట్లు 6.5 శాతం పెరిగాయి, డబ్బున్న, మైనారిటీలు తక్కువున్న ఏరియాల్లో 2.5 శాతం తగ్గాయి. పాడుబడ్డ వీధిలో కొత్త బిల్డింగ్ వస్తే అందరికీ నచ్చుతుంది, ఇప్పటికే బాగున్న వీధిలో వస్తే గుర్రుగా చూస్తారు, ఇందులో పెద్ద ఆశ్చర్యం ఏమీ లేదనుకోండి.

చికాగో మీద అల్మాగ్రో, చిన్, స్టువర్ట్ చేసిన పని ఇంకాస్త లోతుకెళ్తుంది. అద్దెలు, ఎవరు ఎక్కడికి మారారు, ఏరియాలో ఎవరు చేరారు అన్నీ కలిపి మోడల్ కడితే, కూల్చివేతల వల్ల తెల్లవాళ్ళు లాభపడ్డారు, తక్కువ ఆదాయం ఉన్న మైనారిటీ కుటుంబాలు నష్టపోయాయి అని తేలింది. అదే మోడల్‌లో కూల్చిన జాగాలో మళ్ళీ ఎక్కువ ఇళ్ళు కట్టి ఉంటే ఏమయ్యేదో చూస్తే, ఆ జాతుల మధ్య తేడా తగ్గించడానికి వాళ్ళు పరీక్షించిన దారుల్లో అదే బాగా పనిచేసింది. అంటే అసలు దెబ్బ కూల్చడంలో కంటే కూల్చి ఊరుకోవడంలో ఉందన్నమాట.

ఒకే సిటీ, ఒకే ప్లాన్, రెండు ఖాళీ జాగాలు

కూల్చి ఊరుకోవడం అంటే ఏంటో చికాగోలోనే కనిపిస్తుంది. 2000లో అక్కడ పెద్ద ప్లాన్ మొదలైంది, హైరైజులన్నీ తీసేసి 25,000 ఇళ్ళు కొత్తగా కట్టడమో బాగుచేయడమో చేస్తామని. కబ్రిని-గ్రీన్ ఉన్నది డౌన్‌టౌన్‌కి దగ్గర్లో, గోల్డ్ కోస్ట్ అనే బాగా డబ్బున్న ఏరియాకి నడిచి వెళ్ళేంత దూరంలో. అక్కడ చివరి టవర్ 2011లో పోయింది, అప్పటికే చుట్టూ కాండోలు (కొనుక్కునే ఫ్లాట్లు) లేచాయి, 2013లో పాత బిల్డింగుల జాగాలోనే టార్గెట్ స్టోర్ తెరిచారు. రాబర్ట్ టేలర్ హోమ్స్ సౌత్ సైడ్‌లో ఉంది. దాని టవర్లు 2007కల్లా అన్నీ పోయాయి, కానీ స్టేట్ స్ట్రీట్ పొడవునా జాగా ఏళ్ళ తరబడి గడ్డి మొలిచి పడి ఉంది.

తేడా ఎందుకొచ్చిందంటే మిక్స్‌డ్ ఇన్‌కమ్ మోడల్‌లో పబ్లిక్ హౌసింగ్ ఇళ్ళకి ఊతం మార్కెట్ ఇళ్ళ నుంచి వచ్చే డబ్బు. మార్కెట్ ఇళ్ళు కొనేవాళ్ళు ఎగబడే చోట బిల్డర్ పరిగెత్తుకొస్తాడు, పేదవాళ్ళ వాటా కూడా కట్టబడుతుంది. ఎవరూ కొనని చోట మార్కెట్ ఇళ్ళు లేవు కాబట్టి పేదవాళ్ళ ఇళ్ళూ లేవు. 2008లో హౌసింగ్ మార్కెట్ కుప్పకూలినప్పుడు సగంలో ఉన్న ప్రాజెక్టులు ఆగిపోయింది కూడా అందుకే. ఇళ్ళు అవసరమైన చోటికి కాకుండా లాభం వచ్చే చోటికి కట్టడాలు వెళ్ళాయి. ఇంకో దగ్గర, నియర్ వెస్ట్ సైడ్‌లో, ఏబీఎల్‌ఏ హోమ్స్ అనే ప్రాజెక్ట్ కూల్చిన జాగాలో కొంత చికాగో ఫైర్ సాకర్ టీమ్ ప్రాక్టీస్ గ్రౌండ్‌కి లీజుకి ఇచ్చారు, దానికి కోపాలు రాకుండా ఎలా ఉంటాయి.

పక్కపక్కన ఉంటే కలిసిపోతారా

మొదట్లో ఈ మోడల్ అమ్మినవాళ్ళ వాదన ఏంటంటే ఉద్యోగం చేసే పొరుగువాళ్ళని చూసి, వాళ్ళ పరిచయాలతో పేదవాళ్ళకి ఉద్యోగాలొస్తాయని. పెద్దవాళ్ళ విషయంలో ఇది పెద్దగా జరగలేదు. చికాగోలో ఏళ్ళపాటు ఈ బిల్డింగుల్ని చూసిన రాబర్ట్ చాస్కిన్, మార్క్ జోసెఫ్ చెప్పింది ఏంటంటే కాండో ఓనర్లు, పబ్లిక్ హౌసింగ్ వాళ్ళు పలకరింపులు దాటి కలవడం తక్కువ, పైగా బయట కూర్చోవడం, గుంపుగా నిలబడటం, బార్బెక్యూ లాంటి వాటి మీద రూల్స్ వచ్చి పేదవాళ్ళే ఎక్కువ నిఘాలో ఉన్నట్టు ఫీలయ్యారు. వెనక్కి రావడానికి కూడా వారానికి 30 గంటల పని లాంటి షరతులు ఉన్నాయి. మెజారిటీ పాతవాళ్ళు వెనక్కి రానేలేదు, కొందరు రాలేక, కొందరు వోచర్‌తో వెళ్ళిన చోట కుదురుకుని వద్దనుకుని.

పిల్లల విషయంలో మాత్రం కథ వేరే. రాజ్ చెట్టి, లారెన్స్ కాట్జ్, ఇంకొందరు హోప్ సిక్స్ ప్రాజెక్టులన్నిటినీ, అలాంటివే కానీ గ్రాంట్ రాని ప్రాజెక్టులతో పోల్చి చూశారు. పబ్లిక్ హౌసింగ్‌లో ఉన్న పెద్దవాళ్ళ సంపాదనలో తేడా లేదు. కొత్తగా కట్టిన చోట పెరిగిన పేద పిల్లలు మాత్రం పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారు, కాలేజీకి ఎక్కువగా వెళ్ళారు, జైలుకి తక్కువగా వెళ్ళారు. కారణం ఏంటని తవ్వితే కొత్త గోడలు కాదు, చుట్టుపక్కల వీధుల పిల్లలతో కలవడం పెరిగింది. పాత టవర్లు సిటీ మధ్యలో ఉన్నా ఒక దీవిలా ఉండేవి, కొత్తవాటికి వీధులు మామూలు వీధుల్లో కలిసేలా వేశారు, బయటివాళ్ళు లోపలికి, లోపలివాళ్ళు బయటికి రావడం మొదలైంది. అంటే ఇన్నాళ్ళూ మనం ప్రాజెక్ట్ చుట్టుపక్కల మీద ఏం ప్రభావం చూపింది అని అడుగుతుంటే, చుట్టుపక్కల ఏరియా ప్రాజెక్ట్ పిల్లల మీద ఏం ప్రభావం చూపింది అనేది కూడా అంతే పెద్ద ప్రశ్న. చుట్టూ కలవడానికి ఎవరూ లేని చోట కొత్త బిల్డింగ్ కట్టినా ఈ లాభం రాదు.

దీనికి అడ్డంగా ఇంకో స్టడీ కూడా పెట్టాలి. పైన చెప్పిన ఎరిక్ చిన్ 2018లో, చికాగోలో బిల్డింగ్ కూల్చడం వల్ల వోచర్‌తో వెళ్ళిపోయిన పిల్లల్ని, అదే ప్రాజెక్టులో కూల్చని బిల్డింగ్ పిల్లలతో పోల్చాడు. వెళ్ళిపోయినవాళ్ళు పెద్దయ్యాక ఉద్యోగంలో ఉండే అవకాశం 9 శాతం ఎక్కువ, సంపాదన 16 శాతం ఎక్కువ. అంటే ఖాళీ చేయించడం ప్రతి ఒక్కరికీ నష్టమే అని కూడా కొట్టిపారేయలేం. తల్లికి తెలిసిన మనుషులు, చర్చి, బస్ రూట్ అన్నీ పోయి ఉండొచ్చు, అదే ఇంట్లో పిల్లాడికి మేలు జరిగి ఉండొచ్చు.

రూల్ మళ్ళీ తిరిగొచ్చాక

2010లో హోప్ సిక్స్ బదులు చాయిస్ నైబర్‌హుడ్స్ అనే ప్రోగ్రాం వచ్చింది. ఒకటి కూలిస్తే ఒకటి కట్టాలి అన్న రూల్ కొన్ని మినహాయింపులతో తిరిగొచ్చింది, బిల్డింగ్ ఒక్కటే కాకుండా స్కూళ్ళు, చుట్టుపక్కల వీధులు కూడా ప్లాన్‌లో ఉండాలన్నారు. ఈ ఐడియాకి వెనక చాలామంది చూపించే ఉదాహరణ అట్లాంటాలో ఈస్ట్ లేక్. 650 ఇళ్ళ పాత ప్రాజెక్ట్ పోయి 542 వచ్చాయి, సగం పబ్లిక్ హౌసింగ్, సగం మార్కెట్, 2000లో చార్టర్ స్కూల్ (గవర్నమెంట్ డబ్బుతోనే కానీ సొంతంగా నడిచే స్కూల్), వెనక ఒక పెద్ద రియల్ ఎస్టేట్ డెవలపర్ డబ్బు, పట్టుదల. ఏరియా నిజంగానే మారింది, పాత కుటుంబాల్లో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. మళ్ళీ అవే రెండు లెక్కలు. ఇంకో సిటీ దీన్ని కాపీ కొట్టాలంటే అలాంటి డెవలపర్ ఎక్కడినుంచి తేవాలనేది వేరే సమస్య.

ఇప్పుడు అందరి కళ్ళూ న్యూయార్క్ మీద ఉన్నాయి. అక్కడి హౌసింగ్ అథారిటీకి రిపేర్ల బిల్లే 78 బిలియన్ డాలర్లని 2023లో లెక్కేశారు. మాన్‌హట్టన్ చెల్సీలో ఫుల్టన్, ఎలియట్-చెల్సీ అనే ప్రాజెక్టుల్లో 2,056 ఇళ్ళు కూల్చి, అన్నీ మళ్ళీ కట్టి, అదే జాగాలో వేల సంఖ్యలో కొత్త మిక్స్‌డ్ ఇన్‌కమ్ ఇళ్ళు కూడా కడతామన్నారు. పాత ప్రతి కుటుంబానికీ తిరిగొచ్చే హక్కు ఉంటుందని మాట ఇచ్చారు, అయినా వయసైపోయిన కొంతమంది కదలమని కోర్టుకి కూడా వెళ్ళారు. ఇక్కడ చుట్టుపక్కల రేట్లు పెరుగుతాయా అనే ప్రశ్నకి పెద్దగా అర్థం లేదు, హై లైన్, హడ్సన్ యార్డ్స్ పక్కనే ఉన్న ఏరియా అది, రేట్లు ఎప్పుడో ఆకాశంలో ఉన్నాయి, మార్కెట్ ఇళ్ళు అమ్ముడవుతాయా అనే భయమూ లేదు. చికాగో సౌత్ సైడ్‌లో ఏది లేక ఆగిపోయిందో అది ఇక్కడ కావాల్సినంత ఉంది. చూడాల్సింది ఒక్కటే: పాత ఇళ్ళకి బదులు కట్టేవి ముందు లేచి జనం అందులోకి మారాక మార్కెట్ టవర్లు లేస్తాయా, లేకపోతే మార్కెట్ ఇంకోసారి పడిపోయిన ఏడాది ఎవరి బిల్డింగ్ సగంలో ఆగుతుంది అనేది.